సప్తసముద్రాల కాటికాపరి

పదిహేడు. ఛాతీ మీద పిన్నీసుతో గుచ్చిన అట్టముక్క మీద పదిహేడు అని ఉంది, బయట చౌరస్తాలో, పండగ వేషాల పోటీ వేదిక మీద ఇప్పుడు పదకొండో నంబరువాడు అరుస్తున్నాడు, అంటే మధ్యలో ఇంకా ఐదుగురు, మనిషికి ఐదారు నిమిషాలనుకున్నా అరగంటకు మించి లేదు, ఈ అరగంటలో యాభై నాలుగేళ్ల మనిషికి ఒక పేరు దొరకాలి. ఆన్సిల్ టెంటు కింద మడతకుర్చీ అంచున కూర్చున్నాడు. వెనక్కి వాలితే అంగీ నలుగుతుంది, ముందుకు వంగితే టోపీ జారుతుంది, కాబట్టి ఫొటోకి కూర్చోబెట్టిన పెళ్లికొడుకులా నిటారుగా, మెడ నొప్పి పుడుతున్నా కదలకుండా. టోపీ అంచు మూడడుగుల వెడల్పు, దాని చుట్టూ కాగితపు గుజ్జుతో చేసిన పుర్రెలు దారాలకు వేలాడుతున్నాయి, తల కొంచెం తిప్పితే చాలు అవన్నీ ఒకదాన్నొకటి తట్టుకుంటాయి, ఆ చప్పుడు వింటే తన పళ్లే కొట్టుకుంటున్నాయేమో అనిపిస్తోంది. ఫిబ్రవరి ఎండ టెంటు గుడ్డలోంచి కూడా దిగుతోంది. రోడ్డు మీద మ్యూజిక్ ట్రక్కు ఒకటి ఆగి ఊరంతా దద్దరిల్లేలా పాట పెట్టింది, వేదిక మీదివాడి మాటలు సగం దానికిందే పడి నలిగిపోతున్నాయి, వాడు మాత్రం ఆపడం లేదు, ఆపితే నంబరు పోతుంది.

పక్క కుర్చీలో గబ్బిలం డబుల్స్ రొట్టెలు తింటోంది. గబ్బిలం అంటే హోలిస్, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో హోలిస్ ఎవరని అడిగితే ఎవరైనా గబ్బిలం అనే చెబుతారు, ముప్ఫై ఏళ్లుగా ఆయన గబ్బిలమే, రెక్కలు రెండూ వెనక్కి తాడుతో కట్టుకుని, శనగల కూర అంగీ మీద పడకుండా కాగితం గడ్డం కింద పట్టుకుని తింటున్నాడు. సుఖమైన మనిషి. గబ్బిలానికి మాటలుండవు, కాలి మునివేళ్ల మీద నడిచి, రెక్కలు విప్పి, మూసి, దిగిపోవడమే. ఆన్సిల్‌కి ఈర్ష్యతో కడుపు మండింది. హోలిస్ నమలడం ఆపకుండానే, నీకు భయమేంటయ్యా, పన్నెండేళ్లు లెజామా పెద్దాయన దొంగవేషానికి టోపీలు కట్టినోడివి, అన్నాడు. అదే కదా భయం. టోపీలు కట్టినవాడికి టోపీ గురించి భయం ఉండదు, టోపీ కింద ఎవరుండాలన్నదే భయం. దొంగ వేషం మిగతా వేషాల్లాంటిది కాదు. టోపీకి తీగ వంచేవాడూ, అంగీ కుట్టేవాడూ, దాని మీద బొమ్మలు గీసేవాడూ, ఈల ఊదేవాడూ, మాట రాసేవాడూ, ఆ మాటను నలుగురి మీదకు విసిరేవాడూ అందరూ ఒక్కడే అయితేనే ఆ ఒక్కణ్ణి దొంగ అంటారు. దారికి అడ్డం నిలబడి, తన పుట్టుక చెప్పి, తను చేసిన ఘోరాలు చెప్పి, చివర తన పేరు చెబుతాడు. ఆ పేరు ఇంకొకరు పెట్టకూడదు, ఇంకొకరిది తీసుకోకూడదు. ఇంకొకడి మాటలు చెప్పేవాణ్ణి ఇక్కడ చిలక అంటారు. వేదిక ముందు కటకటాల దగ్గర వరసగా కూర్చునే ముసలివాళ్లకు గత యాభై ఏళ్ల దొంగలందరి మాటలూ కంఠతా వచ్చు, చిలక దొరికితే వాళ్లకు పండగే.

పేరు. ఆన్సిల్‌కి లేనిది అదొక్కటే. చేతులు మాత్రం ఆరున్నాయి, అమ్మ కుట్టుమిషను దగ్గర నేల మీద కూర్చుని తొమ్మిదో ఏటే చొక్కా కాలరు తిరగేసి కుట్టాడు, పన్నెండో ఏట తమ పేట బెల్మాంట్‌లో పక్కింటాయన దగ్గర తీగ వంచడం, తీగని పటకారుతో పట్టుకుంటే అదే చెబుతుంది ఎటు తిరగాలని ఉందో, ఆ తరవాత మ్యాక్సీ టాక్సీల మీద అక్షరాలు, కటిక షాపు బోర్డులు, మంగలి షాపు బోర్డులు, ఇప్పటికీ ఆ ఎర్ర అక్షరం ఒంపు చూస్తే ఆన్సిల్ చెయ్యని తెలిసిపోతుంది కానీ ఎవరూ చూడరు, బోర్డు చదువుతారు, లోపలికి వెళ్తారు. సాయంత్రాలు ఉక్కు డ్రమ్ములు వాయించే పాన్ యార్డులో బేస్ డ్రమ్ములు, వాటికి సుత్తితో స్వరం కుదర్చడం కూడా నేర్చుకున్నాడు. ఒక సంవత్సరం కాలిప్సో పాట రాసి పాటల టెంటులో పాడాడు కూడా, టెంటు మేనేజరు భుజం తట్టి, తీగ వంచేవాడివై ఉండి బానే పాడావ్ అన్నాడు, ఆ మర్నాడే వేషాల బ్యాండు యజమాని, పాటగాడివై ఉండి తీగ బానే వంచుతావ్ అన్నాడు. ఇద్దరూ మెచ్చుకున్నామనే అనుకున్నారు. ఎక్కడికి వెళ్లినా అతను పక్క వీధినుంచి వచ్చినవాడే. ఇప్పుడైతే బ్యాండ్లకి తీగ వంచేవాడితో పనే లేదు, పూసలూ ఈకలూ పెట్టెల్లో తయారై ఓడ దిగుతున్నాయి. చేతుల్లో ఇన్ని విద్యలుంటే ఎప్పుడో ఒకప్పుడు అన్నీ కలిసి ఒకటవుతాయని ఇరవైల్లో నమ్మాడు, ముప్ఫైల్లో నమ్మాడు, నలభైల్లో ఆ మాట పైకి అనడం మానేశాడు.

భార్య ఇవెట్ వెళ్లిపోయేరోజు అన్న మాట ఈ కుర్చీలో కూర్చుని ఎందుకు గుర్తొస్తుందో. సంచి సర్దుకుంటూ, ఏడవకుండా, గొంతు కూడా పెంచకుండా అంది. "నువ్వు ఒక మనిషివి కాదు ఆన్సిల్, ఒక వీధివి. వీధిలో నేనెలా కాపురం చెయ్యను?" ఆ మాటకు నవ్వొచ్చింది అతనికి, నిజంగా నవ్వాడు, మంచి మాట, కాలిప్సోకి పల్లవి అవుతుంది అనుకున్నాడు, ఆమె మొహం చూశాక గానీ అర్థం కాలేదు ఆమె టొబాగో దీవికి పడవ టికెట్ కొనేసిందని. నవ్వకుండా ఉంటే ఉండేదేమో. బల్ల మీద జిగురు గిన్నె, మంచం మీద సగం కుట్టిన అంగీ, వంటగదిలో డ్రమ్ము, అన్నీ సగం సగం. కూతురు కెజియా అప్పటికి ఏడేళ్లది, బడిలో టీచరు మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే ఖాళీగా ఉంటాడని చెప్పిందట. ఎందుకలా చెప్పావే అంటే, అది చెప్పడం తేలిక నాన్నా, మిగతావన్నీ చెబితే పిల్లలు నవ్వుతారు, అంది. ఆ పిల్లని తప్పు పట్టడానికి లేదు. తనకైనా ఒక్క ముక్కలో చెప్పడం వచ్చా? ఆ రాత్రి బల్ల ముందు కూర్చుని ఒక చీటీ మీద తను చేసేవన్నీ రాసి, కింద గీత గీసి, కూడికకి జవాబు రాసినట్టు ఒక మాట రాయాలని చూశాడు. గీత చక్కగా వచ్చింది. దాని కింద ఏమీ రాలేదు.

పదమూడో నంబరును పిలిచారు. నీలం రంగు పూసుకున్న దెయ్యం ఒకటి లేచి కొమ్ములు సర్దుకుని వెళ్లింది. టెంటు అంచునుంచి చూస్తే జనం కనిపిస్తున్నారు, మూడో వరసలో మార్వా, లెజామా కూతురు, తెల్ల గౌను, తెల్ల టోపీ, ఒళ్లో చేతిసంచి రెండు చేతులతో పట్టుకుని. ఆమె రాకుండా ఉంటే బాగుండేది. ఆమె రాకుండా ఎలా ఉంటుంది, నలభై ఆరేళ్లు తండ్రి నిలబడిన చోటు అది. క్రిస్మస్‌కి రమ్ములో నానిన నల్ల కేకు ముక్క అరటాకులో చుట్టి తెచ్చి, గుమ్మంలోనే నిలబడి అడిగింది, ఈసారి నాన్న పేరు మీద వేషం వెయ్యి ఆన్సిల్, ఆ పేరు ఊరికే పోతోంది, ఎవరూ ఏమీ అనరు, నేను ఇస్తున్నాను కదా అని. వద్దన్నాడు. సొంత పేరు ఒకటి దొరికిందన్నాడు. అబద్ధం. ఆమె మొహం చిన్నబోయింది, అయినా మంచిదే అని తల ఊపి, ఏం పేరో అప్పుడే చెప్పకులే, అక్కడే వింటాను అంది. దానికోసమే వచ్చి కూర్చుంది ఎండలో.

సప్తసముద్రాల కాటికాపరి. ఓడరేవులో మూటలు మోసి మోసి వీపు విరిగిన లెజామా, మామూలు రోజుల్లో రొట్టె కొనడానికి కూడా గొంతు తగ్గించి అడిగే లెజామా, ఆ టోపీ పెట్టుకుంటే కాటికాపరి, ఎదటివాడు రెండడుగులు వెనక్కి వేసేవాడు. మొదట ఆన్సిల్ టోపీ తీగ ఒకటి సరిచేయడానికి వెళ్లాడు, అంతే. తీగ సరిచేశాక అంచు కుదరలేదనిపించింది, అంచు కుదిరాక అంగీ మీద బొమ్మ వెలిసిపోయినట్టు కనిపించింది, బొమ్మ గీశాక ఈల స్వరం తేలిపోతోందని దాని నోరు కొంచెం అరగదీశాడు. ఆ మరుసటి ఏడు ముసలాయన చౌరస్తా మధ్యలో మాట మరిచిపోయాడు. నోరు తెరుచుకుని నిలబడ్డాడు, కళ్లలో నీళ్లు. వెనకనుంచి టోపీ పట్టుకుని సరిచేస్తున్నట్టు నటిస్తూ ఆన్సిల్ చెవిలో ఒక వాక్యం అందించాడు, అక్కడికక్కడ పుట్టిన వాక్యం. ముసలాయన దాన్ని ఉరుములా పైకి అన్నాడు. జనం ఊగిపోయారు. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని చేదు మాబీ షర్బత్ తాగుతూ ముసలాయన అడిగాడు. "నీ చేతులు ఎలాగూ నా నెత్తి మీదే ఉన్నాయి. నీ నోరు కూడా నాకియ్యరా. మార్వాకి మాత్రం చెప్పకు." పదకొండేళ్లు ఇచ్చాడు. పదకొండేళ్ల మాటలు, పుట్టుకలూ ఘోరాలూ శాపాలూ, అన్నీ ఆన్సిల్‌వే, పెన్సిలుతో రాసి, చదివి వినిపించి, ముసలాయనకి కంఠతా పట్టించి, చీటీలు పొయ్యిలో వేసేవాడు. ఒకసారి తాగిన ధైర్యంతో అడిగాడు కూడా, మరి ఇవి నావని ఎవరికైనా తెలియాలి కదా పెద్దాయనా అని. లెజామా పకపకా నవ్వి, దొంగ నోట్లోకి వచ్చింది దొంగదే, లేకపోతే వాడు దొంగెలా అవుతాడు, అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆన్సిల్ కొంచెం తక్కువ నవ్వాడు.

ఎందుకిచ్చాడంటే, ఇందుకు. ఏడాదికొక్క మధ్యాహ్నం, కటకటాల ఇవతల నీళ్లసీసా పట్టుకుని నిలబడి చూస్తే, తన తీగ, తన కుట్టు, తన రంగు, తన స్వరం, తన మాట, అన్నీ ఒకచోట, ఒక శరీరం మీద, ఒక పేరుతో, ఎక్కడా అతుకు కనపడకుండా నడిచి వెళ్లేవి. అదీ నేను, అనుకునేవాడు. ఇన్నాళ్లూ చీటీ మీద గీత కింద రావలసిన మాట అదీ. దానికి వయసు ఎనభై రెండు, దానికి మోకాళ్ల నొప్పులు, సాయంత్రానికి దాన్ని విప్పి పెట్టెలో పెట్టేవాళ్లు. అయినా సంతోషంగానే ఉండేది. అంత సంతోషం ఇవెట్‌తో కూడా ఎరగడు, చెప్పుకోవడానికి సిగ్గేసే సంతోషం. జులైలో లెజామా పోయాడు. చర్చిలో పూలదండకి తీగ వంచింది ఆన్సిల్, శవపేటిక మీద పేరు రాసింది ఆన్సిల్, మడత కుదరని నల్ల కోటు వెనక విప్పి మళ్లీ కుట్టింది ఆన్సిల్, పాటకి బేస్ డ్రమ్ము వాయించింది ఆన్సిల్. అచ్చు వేసిన కాగితంలో చివర, సహకరించిన మిత్రులందరికీ కృతజ్ఞతలు అని ఉంది. మార్వా తప్పేమీ లేదు, ఒక మనిషి పేరు నాలుగు చోట్ల వేస్తే అచ్చుతప్పు అనుకుంటారు. సమాధి దగ్గర అందరూ ముసలాయన కోసం ఏడుస్తుంటే ఆన్సిల్ కూడా ఏడ్చాడు, చాలా ఏడ్చాడు, మార్వాయే వచ్చి పట్టుకుంది. ఎవరికోసం ఏడుస్తున్నాడో అతనికే తెలుసు. తనను పూడుస్తున్నారు అక్కడ.

పదిహేను. హోలిస్ చేతులు తుడుచుకుని రెక్కల తాడు విప్పుకున్నాడు. ఆన్సిల్‌కి వీపు దగ్గర దురద, గోకడానికి లేదు. మొన్న గురువారం తెల్లవార్లూ కూర్చుని రాశాడు, కొత్తగా, ఎప్పుడూ ఎవరికీ ఇవ్వనిది, తన గురించి తను. రాసి చదువుకుంటే లెజామా గొంతు వినిపించింది. కొట్టేసి మళ్లీ రాశాడు, మళ్లీ లెజామా. రాకేం చేస్తుంది, లెజామా గొంతులో వినిపించిందంతా తన మాటే అయినప్పుడు. ఇప్పుడు తన మాట తను చెబితే కటకటాల దగ్గర ముసలివాళ్లు చిలక అంటారు. కాదు, అవి నావే, ఆయనకి ఇచ్చింది నేనే అంటే, ఏడు నెలల కింద పూడ్చిన మనిషిని మళ్లీ తవ్వి జేబులు వెతికినట్టవుతుంది, మూడో వరసలో తెల్ల టోపీ పెట్టుకున్న ఆమె ముందు. అన్ని ఘోరాలు రాసినవాడు ఈ ఒక్క ఘోరం చెయ్యలేడు. లేచి వెళ్లిపోతే? అట్టముక్క పీకేసి, టోపీ కుర్చీ మీద పెట్టేసి, వెనక దారినుంచి మ్యాక్సీ ఎక్కి ఇంటికి. ఎవరికి ఏం పోతుంది. ఇల్లు. జిగురు గిన్నె. ఇంకో పాతికేళ్లు బతకాల్సి రావచ్చు, అమ్మ వైపువాళ్లు గట్టి మనుషులు, పాతికేళ్లూ ఎవరో ఒకరు బోర్డు రాయించుకోవడానికి వచ్చి నువ్వు పెయింటరువా అని అడుగుతారు, అవునంటాడు. లేవలేదు. అప్పుడే, హోలిస్‌ని పదహారు అని పిలిచి అతను మునివేళ్ల మీద వెళ్తున్నప్పుడే, అనిపించింది, భయంకరమైన పేరు ఎందుకు, ఏ సముద్రమూ ఏ శ్మశానమూ ఎందుకు, ఉన్న పేరే చెబితే? బెల్మాంట్ ఆన్సిల్. అన్ని ఘోరాల చివర, ఈల తరవాత, బెల్మాంట్ ఆన్సిల్. ఎవరూ అంత మామూలు పేరు పెట్టుకోలేదు ఇంతవరకూ. పెదాలు కదపకుండా లోపలే ఒకసారి అనుకుని చూశాడు, రెండోసారి అనుకున్నాడు, గొంతులో ఎక్కడా తట్టుకోలేదు. అది తనదే. ఎన్నాళ్లకో ఒళ్లు తేలికైంది. ఇంత చిన్న సంగతికి ఇంత జీవితం పట్టిందా అని నవ్వు కూడా వచ్చింది.

పదిహేడు.

ఎండ మొహాన కొట్టింది. టోపీ అంచు కింద సగం జనమే కనపడుతున్నారు, మెడ దాకా ఉన్న మనుషులు, ఒళ్లో చేతులు, అందులో ఒక చేతిసంచి. మ్యూజిక్ ట్రక్కు వెళ్లిపోయినట్టుంది, ఇంత నిశ్శబ్దం తను అడగలేదు. నడక దానంతట అదే వచ్చింది, మూడడుగులు ముందుకు, ఒక అడుగు పక్కకి, అంగీ విప్పారేలా చుట్టూ ఒకసారి. ఈల. "ఆగండి. కదిలారో, మీ నీడలు కోసి నా అంగీకి అంచు వేసుకుంటాను. నేను పుట్టిన పూట పురిటిమంచం నాలుగు కాళ్లూ భయపడి నాలుగు దిక్కులకు పారిపోయాయి. పిడుగుని కత్తిరించి మా అమ్మకి రవిక కుట్టాను. పాముల వెన్నెముకలు వంచి కిరీటాలు కట్టాను. చచ్చిన రాజుల సమాధుల మీద పేర్లన్నీ నా చేత్తో రాశాను, ఒక్క అక్షరానికి ఒక్క పడగ చొప్పున ఒంపు తిప్పి. సముద్రం పొట్ట మీద సుత్తితో కొట్టి దానికి స్వరం నేర్పాను, అప్పటినుంచి అది ఏడుపు ఆపలేదు." వస్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి, గురువారం రాసినవి, కొన్ని అప్పటికప్పుడు పుట్టినవి, తన అమ్మ, తన తీగ, తన అక్షరాలు, తన డ్రమ్ము, జీవితంలో మొదటిసారి తన గొంతులోంచి, తనకోసం. కటకటాల దగ్గర ముసలివాళ్లు ముందుకు వంగారు. ఈలలు వెయ్యడం లేదు. తలలు ఊపుతున్నారు. ఒకాయన చేత్తో తాళం వేస్తున్నాడు. "ఇన్ని విద్యల్ని ఒక్క గుండెలో గొలుసేసి కట్టినవాణ్ణి, ఇన్ని చేతులకి ఒక్క మొహం పెట్టుకుని మీ ముందు నిలబడినవాణ్ణి, నేనెవర్ని?"

ఇక్కడ ఈల. అతనే కదా పదకొండేళ్లుగా అక్కడ ఈల పెట్టింది, ప్రశ్నకి జవాబుకి మధ్య ఊపిరంతా తోడి ఒక్క పొడుగాటి ఈల, ముసలాయనకి జవాబు గుర్తు తెచ్చుకునే వ్యవధి కోసం పెట్టిన ఈల. ఇప్పుడు దానితో పనిలేదు, పేరు నాలుక మీదే ఉంది. కానీ చెయ్యి అలవాటుగా లేచింది, ఈల నోట్లోకి వెళ్లింది, ఊపిరి పోయింది. ఆ పొడుగాటి ఈలలో, అతని నోరు మూసుకుని ఉన్న ఆ కొద్ది క్షణాల్లో, కటకటాల దగ్గరనుంచి ఒక ముసలి గొంతు, సప్తసముద్రాల కాటికాపరి, అంది. వెక్కిరింపు కాదు. ప్రేమగా, పోయిన మనిషిని పిలిచినట్టు. ఇంకో గొంతు. ఆపైన వరసలు వరసలుగా, ఆడవాళ్లూ మగవాళ్లూ, కుర్చీల్లోంచి లేస్తూ, కాటికాపరి, కాటికాపరి. చిలక అని ఒక్కడూ అనలేదు. ఆన్సిల్ ఈల దించాడు. బెల్మాంట్ అన్న మాటకి పెదాలు కలిశాయి, విడిపోయాయి, ఆ గోలలో అతనికే వినపడలేదు. తలెత్తితే టోపీ వెనక్కి జరిగి మూడో వరస పూర్తిగా కనపడింది, మార్వా నిలబడి ఉంది, రెండు చేతులూ నోటికి అడ్డం, ఆ కళ్లు అతన్ని చూడటం లేదు, అతను నిలబడిన చోట ఇంకెవరినో చూస్తున్నాయి. అతను చేతులు రెండూ చాచాడు, అంగీ విప్పారింది, వాళ్లు అడిగిన పేరు వాళ్లకి ఇచ్చాడు. పెద్దగా, స్పష్టంగా, ఒక్క అక్షరమూ వదలకుండా. ఆ చౌరస్తాలో అంత చప్పట్లు ఎప్పుడూ వినలేదు, పదకొండేళ్లలో ఒక్కసారి కూడా.

దిగాక టెంటు దగ్గర హోలిస్ రెక్కతో భుజం తట్టాడు. ఎవరో నీళ్లిచ్చారు. పుస్తకం పట్టుకున్న అమ్మాయి నంబరు ఎదురుగా పేరు రాసుకుంది, అతన్ని అడగలేదు. జనంలోంచి దారి చేసుకుంటూ మార్వా వచ్చి, టోపీ అంచు కింద తలదూర్చి, తడి చెంపతో అతన్ని హత్తుకుంది.

"నాన్న మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా గుర్తుపెట్టుకున్నావ్ ఆన్సిల్."

అతను ఆమె వీపు మీద చెయ్యి వేసి, మెల్లగా నిమిరాడు.

"చాలాసార్లు విన్నాను కదా," అన్నాడు.